ముక్క తీసేసిన సూప్

కేల్ ఆకు తరగడం నేర్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. అది కాబేజీకి చుట్టమే గానీ ముదురు, మొండి. మధ్య ఈనె చీల్చి తీసేసి, ఆరేడు ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, చాప చుట్టినట్టు గట్టిగా చుట్టి, కత్తి మొనను చెక్క మీద నుంచి లేపకుండా దారాల్లా కోయాలి. పోగు కాస్త లావుగా వచ్చిందంటే మా పెద్దమ్మ దాన్ని తీసి వేలికి చుట్టుకుని అందరికీ చూపించేది.

“ఏమే, ఇది ఆకనుకున్నావా, గేదెను కట్టే పలుపనుకున్నావా? తినేవాడి గొంతుకు చుట్టుకుంటే నువ్వొచ్చి విప్పుతావా?”

నేను తల వంచుకుని మళ్ళీ కోసేదాన్ని. నాన్న మంచం పట్టాక, తొమ్మిదో తరగతి మధ్యలో నన్ను బడి మానిపించి, అమ్మ తన అక్క చేతిలో పెట్టింది. ఆ అక్కే మా పెద్దమ్మ. కోర్టు వెనక వీధిలో ఎనిమిది బల్లల భోజనశాలలో వంటమనిషి. వీధంతా ఆమెను వంటక్క అనేది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఆరా తీస్తే పొయ్యి మీది బరువైన ఇనప గిన్నెను చూపించి, “అదిగో నా మొగుడు. తిట్టడు, కొట్టడు, రోజూ తోమితే చాలు” అనేది.

ఆ గిన్నె ఒక పోర్చుగల్ ముసలావిడది. పెద్దమ్మ పద్దెనిమిదేళ్ళప్పుడు ఆవిడ ఇంట్లో అంట్లు తోమే పనికి చేరింది. ఓడల కంపెనీ పని మీద వచ్చిన భర్త ఇక్కడే పోతే, ఆవిడ తిరిగి వెళ్ళకుండా ఉండిపోయిందట. పేముకుర్చీ వంటింట్లోకి వేయించుకుని, చేతికర్రతో చూపిస్తూ వంట చేయించేదట. ఆవిడ భాష పెద్దమ్మకు రాదు, పెద్దమ్మ భాష ఆవిడకు రాదు. “కర్రతో ఒకసారి కొడితే మంట తగ్గించమని. రెండుసార్లు కొడితే నేను గాడిదనని” అని చెప్పి నవ్వేది పెద్దమ్మ. అక్కడ నేర్చుకున్న సూప్ పేరు కాల్దో వెర్దె. ఆకుపచ్చ సూప్ అని అర్థమట. ముసలావిడ పోయాక ఆ సూప్‌నూ, ఆ గిన్నెనూ పట్టుకుని పెద్దమ్మ ఈ భోజనశాలకు వచ్చింది. గురువారం ఆ సూప్ చేస్తుందని తెలిసి, కోర్టు గుమాస్తాలు పదకొండున్నరకే వచ్చి బల్లలు పట్టుకునేవాళ్ళు.

ఆమెకు అక్షరం రాదు. వంటలన్నీ వేళ్ళ మీదే. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప, నీళ్ళు, ముక్క, ఆకు, నూనె. కుడిచేతి చిటికెన వేలితో మొదలుపెడితే ముక్క బొటనవేలు మీదికి వస్తుంది. ముక్క అంటే పొగబెట్టి ఆరేసిన పందిమాంసపు సాసేజ్. “బొటనవేలు లేని చెయ్యి దేనికి పనికొస్తుందే?” అనేది.

రెండు గుమ్మాల అవతల పుస్తకాలు బైండింగ్ చేసే ఆయన కొట్టు ఉండేది. కోర్టు రిజిస్టర్లూ వకీళ్ళ లావుపాటి పుస్తకాలూ కుట్టేవాడు. పెద్దమ్మ అందరికీ పేర్లు పెట్టేది. ఈయనకు పెట్టిన పేరు అట్టలాయన. గురువారం గురువారం భార్యతో వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని రెండు గిన్నెల సూప్ లాగించేవాడు. ఆవిడ మాంసం ముట్టదు. రొట్టెకు వెన్న రాసుకుని తింటూ ఆయన తినడం చూసేది. నేను చేరిన కొత్తల్లో ఒకరోజు ఆవిడ వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

“అక్కా, వారం వారం ఆ వాసన చూసి వెళ్ళిపోతున్నా. మాంసం లేకుండా నాకో గిన్నె చేసిపెట్టవూ?”

పెద్దమ్మ గరిట పైకెత్తి మరీ నవ్వింది. “మాంసం లేకుండానా? అది సూప్ కాదు చెల్లీ, దుంపలు కడిగిన నీళ్ళు. నీకా నీళ్ళు పోశానంటే మీ ఆయన నా మీద కేసు వేస్తాడు. కోర్టు కూడా పక్కనేనాయె!”

ఆవిడా నవ్వింది. నవ్వుతూనే వెనక్కి వెళ్ళి రొట్టెకు వెన్న రాసుకుంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ ఏడాది చివర్లో ఆవిడ జ్వరంతో చనిపోయింది.

రెండు నెలల తర్వాత అట్టలాయన ఒక్కడే వచ్చాడు. ఎప్పటిలాగే నేను సూప్ పెడితే గిన్నెను పక్కకు జరిపి, లేచి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. సరిగ్గా ఆవిడ నిలబడ్డ చోటే.

“వదినగారూ, నేను మాంసం మానేశాను.”

“అదేంటి, ఒంట్లో బాలేదా? డాక్టరేమైనా చెప్పాడా?”

“డాక్టరు కాదు. ముప్ఫయ్యొక్కేళ్ళు ఎదురుగా కూర్చుని ఆ వాసన భరించింది. ఒక్క పూట మానవయ్యా అని అడిగితే రేపట్నుంచి అనేవాణ్ణి. ఇప్పుడు మానాను. ఇప్పుడు మానితే ఎవరికి ఉపయోగమంటారా, నాకూ తెలీదు.” బల్ల మీది గిన్నె వైపు చూశాడు. “కానీ ఈ సూప్‌ని వదల్లేకపోతున్నా. మాంసం లేకుండా చేయగలరా?”

పెద్దమ్మ ఈసారి నవ్వలేదు. “వచ్చే గురువారం రండి,” అంది.

ఆయన కోసం వేరే చిన్న గిన్నె పెట్టింది. మొదటివారం ముక్క మానేసి మిగతావన్నీ వేసింది. అది నిజంగానే దుంపలు కడిగిన నీళ్ళలా ఉంది. రెండోవారం చిక్కుడు గింజలు వేసింది. మూడోవారం వెన్న. నాలుగోవారం టమాటాలు వేస్తే అది ఇంకేదో సూప్ అయి కూర్చుంది. ప్రతివారం ఆయన “బాగుంది వదినగారూ” అనేవాడు. ప్రతివారం సగం మిగిలిపోయేది. ఆ మిగిలిన సగాన్ని పెద్దమ్మ వంటింట్లో పెట్టుకుని చాలాసేపు చూసేది. ఇన్నేళ్ళలో ఆమె సూప్ వెనక్కి రావడం ఎవరూ ఎరగరు.

ఐదో గురువారం ఆయన గిన్నెను రొట్టెముక్కతో తుడిచి మరీ తిన్నాడు. కళ్ళు ఒత్తుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. “ఇదే వదినగారూ. అచ్చం ఇదే! ఎలా కుదిరింది?”

“చెయ్యి తిరిగిందిలెండి,” అంది పెద్దమ్మ.

ఎలా కుదిరిందో నాకు తెలుసు. ముక్కలు ఏరింది నేనే. ఆ ఉదయం మూడు సాసేజ్‌లను ఆ చిన్న గిన్నెలో వేసి, వాటి సారమంతా దిగేదాకా ఉడికించింది. తర్వాత చిల్లుల గరిట నా చేతికిచ్చింది. నేను ముక్కలు తీసేశాను. పైన తేలిన ఎర్రని కొవ్వు తీసేసి, గుడ్డలో వడకట్టాను. నేను మొహం ఎలా పెట్టానో గానీ, నన్ను చూసి ఆమె అంది.

“ముక్క పంటి కిందికొస్తేనే మాంసం. మీ అమ్మమ్మ మాంసం మానిన రోజుల్లో ముక్క ఏరేసి పులుసు పోసుకునేది కాదూ? నీళ్ళకేం తెలుసు తమలో దుంప ఉడికిందో పంది ఉడికిందో. నోరు మూసుకుని ఏరు. అయినా నువ్వెప్పుడు తెరిచావు గనక!”

నిజమే, అమ్మమ్మ అలాగే తినేది. మా ఇంట్లో దాన్నెవరూ తప్పనలేదు. నేను నోరు తెరవలేదు.

అలా వారం వారం జరిగింది. పని ఒత్తిడిలో ఆయన రాలేని రోజున గిన్నె మీద పళ్ళెం మూసి నేనే కొట్టుకు తీసుకెళ్ళేదాన్ని. ఒకసారి వెళ్ళేసరికి ఆయన చిన్న స్టవ్ మీద మైదా బంక కలుపుతున్నాడు. చుట్టూ కుట్టు చట్రం, పుస్తకాలు బిగించే చెక్కలు, మోకాలెత్తున కత్తిరించిన కాగితపు అంచులు. ఒక వకీలు గుమాస్తా అట్ట ఊడిపోయిన పుస్తకం పట్టుకుని గొడవపడుతున్నాడు.

“మీ పాత బంకతో అంటించిన పుస్తకాలు ఇరవయ్యేళ్ళయినా ఊడలేదు. ఇది చూడండి, ఆర్నెల్లకే నోరు తెరిచింది. ఆ బంకే వాడొచ్చుగా?”

“అది తోలూ ఎముకలూ ఉడకబెట్టి తీసేది బాబూ. మానేశాను.”

“మీరేమైనా దాన్ని తింటారా ఏంటి? పైగా అందులో తోలెక్కడుంటుంది? ఉడికాక తీసి పారేస్తారుగా?”

అట్టలాయన కలపడం ఆపలేదు. “తోలు తీసి పారేస్తే తోలు పోయినట్టా? దాని సారమంతా దిగబట్టే కదయ్యా నీళ్ళు బంకయ్యాయి. కంటికి కనపడకపోతే లేనట్టేనా?”

సూప్ గిన్నె నా రెండు చేతుల్లో ఉంది.

“ఏం తల్లీ, అలా నిలబడిపోయావు? చేతులు కాలుతున్నాయా? ఇలా పెట్టెయ్.”

పెట్టాను. చెప్పాలనుకున్నాను. ఆయన చేతులు కడుక్కుని, గోడ మీద భార్య ఫోటో వైపు ఒకసారి చూసి, చెంచా తీసుకున్నాడు. మొదటి చెంచా ఆయన నోట్లోకి వెళ్ళేదాకా అక్కడే ఉండి, తిరిగొచ్చేశాను.

బంక గురించి ఆయన అన్నది పెద్దమ్మకు చెప్పాను. అంత పొడుగు మాట నేను చెప్పడం అదే మొదటిసారి. ఆమె దుంపల తొక్కు తీస్తోంది. ఎప్పుడూ చివరిదాకా ఒకే పొరగా వచ్చే తొక్కు మధ్యలో తెగింది.

“పుస్తకం వేరు, కడుపు వేరు,” అంది. ఇంకో దుంప అందుకుని, “ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళు తిన్నది కక్కుతాడా? తెలిసి ఏడ్చేకంటే తెలియక తినడం మేలు,” అంది.

తర్వాతి గురువారం కూడా సాసేజ్ ఉడికింది. ఒక్క తేడా మాత్రం వచ్చింది. అంతకుముందు ఆయన తింటుంటే పెద్దమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూసేది. ఆ రోజు నుంచి గిన్నె నా చేతికిచ్చి అటు తిరిగి నిలబడేది.

పదకొండు నెలలు గడిచాయి. ఒకరోజు ఆయన ఆకుపచ్చ గుడ్డ అట్ట వేసిన చిన్న నోటుపుస్తకం తెచ్చాడు. తనే కుట్టాడట.

“మా ఆవిడ వాళ్ళక్క ఉంది వదినగారూ. ఆవిడా పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు. ఈ సూప్ సంగతి చెబితే తనూ చేసుకుంటానంది. ఇందులో రాసిస్తే పంపిస్తాను.”

“నాకు రాతెక్కడిది? దీంతో రాయిస్తాలెండి.”

మధ్యాహ్నం బల్లలు తుడిచాక నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పెద్దమ్మ చిటికెన వేలితో మొదలుపెట్టింది. ఉల్లి ఎన్ని, ఎంతసేపు వేయించాలి. వెల్లుల్లి. దుంప. నీళ్ళు. బొటనవేలు దగ్గరికి వచ్చి ఆగింది. దాన్ని మడిచి పిడికిట్లో పెట్టేసుకుంది.

“ఆకు,” అంది.

నేను పెన్ను ఆపి చూశాను.

“ఆకు అని రాయవే.”

రాశాను. నా రాత ముత్యాల్లా ఉంటుందని బడిలో టీచరు అనేది. ఆ పేజీ చాలా అందంగా వచ్చింది.

మూడు వారాల తర్వాత, గురువారం పొద్దున పదింటికి అట్టలాయన ఆ పుస్తకం పట్టుకుని నేరుగా వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. “మా ఆవిడ వాళ్ళక్క మూడుసార్లు చేసిందట వదినగారూ. ఉడికిన దుంపలు తప్ప ఇంకో రుచే లేదట. ఏదో ఒకటి రాయడం మర్చిపోయినట్టున్నారు.”

పెద్దమ్మ చెయ్యి నా వైపు తిరిగింది. “ఇదిగో, దీని పనే అయ్యుంటుంది. తొమ్మిదో తరగతి కూడా గట్టెక్కలేదు, దీనికి రాతేం తెలుసు? ఏదో వదిలేసి ఉంటుంది.”

“పోనీలెండి, పిల్లనేమీ అనకండి. ఇప్పుడు చెప్పండి, నేనే రాసుకుంటా.” ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి పుస్తకం తెరిచాడు.

నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. ఆయన చిన్న గిన్నె నా పక్కనే ఉడుకుతోంది. దాని మూత తీశాను.

దాన్ని పక్కన పెట్టానంతే. ఆవిరి పైకి లేచి పోయాక, మూడు సాసేజ్‌లు ఎర్రగా ఉబ్బి తేలుతూ కనిపించాయి. ఆయన దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

“ఇదెవరి గిన్నె తల్లీ?” అని నన్నే అడిగాడు.

“మీదే బాబాయిగారూ.”

ఆయన పెన్సిల్‌ని జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. “మొదట్నుంచీనా?”

“ఐదో వారం నుంచి,” అంది పెద్దమ్మ. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

“మొదటి నాలుగు వారాలూ మీరు నిజంగానే చేశారన్నమాట,” అన్నాడాయన. “నేనే సగం సగం వదిలేశాను.” పుస్తకాన్ని తరిగిన ఆకు పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

నిజం కోసం మూత తీశానని నేను చెప్పుకోలేను. చదువు మాట ఎత్తిందని తీశాను. నిజం కోసమే అయితే కొట్టులో గిన్నె పట్టుకుని నిలబడ్డ రోజే చెప్పి ఉండేదాన్ని. పెద్దమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాటి నుంచి ఆమె అసలు పని మొదలుపెట్టింది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక సాసేజ్ కోసి, చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేది. “ఇందులో మాంసమెంత, మిగతాదెంతే?” అని తనను తనే అడిగేది. వెల్లుల్లి అంది ఒకరోజు. పొగ అంది ఇంకోరోజు. తర్వాత హఠాత్తుగా లేచి అల్మారాలో వెనక వరసలో ఉన్న డబ్బా తీసింది. పొగలో ఆరబెట్టిన మిరపకాయల పొడి. కాల్చిన దుంపల మీద చల్లడానికి ఎప్పుడో తెప్పించినది. ఉల్లిపాయల్ని పది నిమిషాలు కాదు, ముప్పావుగంట సన్నమంట మీద ఉంచింది. పుట్టగొడుగుల్ని ముదురు రంగు వచ్చి అంచులు కరకరలాడేదాకా వేయించింది. దుంపల్లో సగం మెదిపి, సగం అలాగే వదిలింది. ఆకు చివర్లో వేసి నాలుగు నిమిషాలకే దించింది.

పంతొమ్మిదో రోజున నాకు చెంచా ఇచ్చింది. పాత రుచి కాదది. కానీ ఏదో లేదని మాత్రం అనిపించలేదు.

“బొటనవేలు దొరికిందే,” అంది.

చేతులు తుడుచుకుని, గిన్నె తనే పట్టుకుని రెండు గుమ్మాలూ నడిచింది. వెనకాల నేను రొట్టె పట్టుకెళ్ళాను. అట్టలాయన లేచి నిలబడ్డాడు.

“దీని మీద ముక్క నీడ కూడా పడలేదు. ఒట్టు,” అంది పెద్దమ్మ.

ఆయన పళ్ళెం తీసి చూశాడు. “వాసన బాగుంది.”

“తినండి మరి.”

“తినాలంటే ముందు నమ్మాలి కదా వదినగారూ. ఆకలి ఉంది. ఆ నమ్మకమే లేదు.” పళ్ళెం మళ్ళీ మూసి, గిన్నెను రెండు చేతులతో, ఎంతో మర్యాదగా తిరిగిచ్చాడు.

తిరిగి వస్తుంటే పెద్దమ్మ, “చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఇంతేనే” అంది. హాస్యంగానే అనబోయింది.

తర్వాత నాలుగేళ్ళు ప్రతి గురువారం కిటికీ పక్క బల్ల మీద ఒక గిన్నె పెట్టించేది. రెండింటిదాకా అక్కడ ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. ఆయన రోజూ ఆ కిటికీ ముందు నుంచే వెళ్ళేవాడు. కనపడితే తల ఊపేవాడు. రెండు కొట్టాక పెద్దమ్మ ఆ గిన్నె లోపలికి తెచ్చుకుని చల్లారిన సూప్ తాగేది. మాంసం తినని వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఆ సూప్ కోసమే రావడం మొదలుపెట్టారు. వంటక్కను పిలవండి, ఒకసారి చూస్తాం అనేవాళ్ళు. ఆమె వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు.

పోయిన ఏడాది ఆమె మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. ఇప్పుడు ఇంట్లో మంచం మీద ఉంటుంది. ఇనప గిన్నె నాకు వచ్చింది. ప్రతి గురువారం నేను ఇంటికి రాగానే ఒకటే ప్రశ్న: “వచ్చాడా?”

“లేదు పెద్దమ్మా.”

ఆయన వంటింట్లో వదిలేసి వెళ్ళిన ఆకుపచ్చ పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. ఈ మధ్య ఒకరోజు అందులో నా అబద్ధపు పేజీ తర్వాతి పేజీలో అసలు పద్ధతి రాశాను. ఈసారి ఏదీ వదలలేదు. ఆయన కొట్టు తలుపు కింద నుంచి లోపలికి తోశాను.

మూడో గురువారం ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. జుట్టు మొత్తం నెరిసింది.

“మా ఆవిడ వాళ్ళక్కకు పంపించాను తల్లీ. చేసుకుందట. బాగుందట.” పుస్తకం నాకిచ్చాడు. “మొదటి పేజీ తీసేశాను. మిగతావి ఊడిపోకుండా మళ్ళీ కుట్టాను. మీ పెద్దమ్మకివ్వు.”

“కూర్చోండి బాబాయిగారూ. ఒక్క గిన్నె...”

ఆయన కిటికీ పక్క బల్ల దగ్గరికి వెళ్ళి కుర్చీ మీద చెయ్యి వేశాడు. కూర్చుంటాడనుకున్నాను. కాసేపటికి చెయ్యి తీసేశాడు.

“వద్దు తల్లీ,” అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళగానే పెద్దమ్మ అడిగింది. “వచ్చాడా?”

“వచ్చాడు.”

గోడ పట్టుకుని లేచి కూర్చుంది. “తిన్నాడా?”

“లేదు.”

పుస్తకం చేతిలో పెట్టాను. కొత్త కుట్టును వేలితో తడిమి చూసుకుని, “చదువు,” అంది. నేను చదువుతుంటే చిటికెన వేలితో మొదలుపెట్టి మడుస్తూ వచ్చింది. ఉల్లి. వెల్లుల్లి. దుంప. నీళ్ళు. బొటనవేలు దగ్గర నేను, “పొగబెట్టిన మిరపపొడి, వేయించిన పుట్టగొడుగులు” అని చదివాను. ఆమె చెయ్యి ఆగింది.

“ఆ డబ్బా ఎప్పట్నుంచి ఉందే అల్మారాలో?”

“నేను చేరకముందు నుంచీ ఉంది పెద్దమ్మా.”

“ఆ చెల్లి గుమ్మంలో నిలబడి అడిగిన రోజున?”

“ఉంది.”

“పుట్టగొడుగులు?”

“అవీ ఉన్నాయి. బుట్టలో.”

బొటనవేలు మడిచి పిడికిట్లో పెట్టుకుంది.

“ఒక్క గిన్నే కదే అడిగింది,” అంది.